అడుగుకి ముప్పై ఏడు బిందెలు

విశాఖలో మా గోపాలపట్నం ఇంటి నూతిలో ఒక అడుగు నీళ్ళంటే ముప్పై ఏడు బిందెలు. ఈ లెక్క నాకు పదమూడో ఎక్కం కంటే ముందే వచ్చు. నుయ్యి అడ్డం అయిదడుగులు. అందులో అడుగు ఎత్తు నీళ్ళంటే సుమారు 555 లీటర్లు. మా ఇత్తడి బిందె పదిహేను లీటర్లు పట్టేది. 1983 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నాన్న ఈ భాగాహారాన్ని నూతి చప్టా మీద సుద్దముక్కతో వేసి చూపించారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మామ్మకి ఆ లెక్కలేవీ అక్కర్లేదు. చేద వెళ్ళి నీళ్ళను తాకిన చప్పుడు వినగానే వసారాలోంచే చెప్పేసేది, "ఇవాళ నలభై దాటవమ్మా" అని. చాలాసార్లు ఇద్దరి లెక్కా ఒకటే అయ్యేది.

1975లో ఇల్లు కట్టుకున్నప్పుడే ఆ నుయ్యి తవ్వించారు. పెందుర్తి వైపు నుంచి నలుగురు మనుషులు వచ్చారట. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ తరవాత తెల్లగా, పసుపుగా, అక్కడక్కడ ఎర్ర చారలతో సుద్దమట్టి. ముప్పై రెండడుగులకి బండ తగిలింది. ఇంక గునపం దిగలేదు. సుద్దలోంచి నీళ్ళు చెమట పట్టినట్టు వచ్చాయే తప్ప ఎక్కడా ధారగా రాలేదు. అమ్మ భయపడిపోయిందట, ఇంత డబ్బు పోసి తవ్విస్తే ఇదేమిటని. పని చేయించిన పెద్దాయన నాన్నతో అన్న మాట మా ఇంట్లో చాలాసార్లు విన్నాను. "ఊట సన్నం బాబూ. కానీ ఎండిపోదు. రాత్రంతా వదిలేసి పొద్దున్న సూసుకోండి. అడుగున మూరెడు నీళ్ళు మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి, అవి నూతివి."

మూరెడు నీళ్ళు నూతివి అన్న మాట మా ఇంట్లో చట్టంలా నిలిచిపోయింది.

మా మేనత్త వాళ్ళిల్లు చినవాల్తేరులో, సముద్రానికి దగ్గర. అక్కడ ఇసుకనేల. వాళ్ళ నూతిలో ఎంత తోడినా నీళ్ళు తరిగేవి కావు, తోడుతుంటేనే వచ్చేసేవి. సెలవులకి వెళ్ళినప్పుడు నాకు అదొక వింత. చెంబు వెనక చెంబు పోసుకుంటుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాకపోతే ఆ నీళ్ళు ఉప్పగా ఉండేవి. పప్పు ఉడకడానికి గంటలు పట్టేది. అత్త మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు ఒక గ్లాసు నూతినీళ్ళు తాగి, "మీవి పానకం నీళ్ళే వదినా" అనేది. తేడా అంతా నేలలోనే ఉందని తరవాత చదువుకుంటే తెలిసింది. విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఖోండలైటు రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద ఆ రాయికి ఆ పేరు పెట్టారు. ఆ రాయి యుగాల పాటు ఎండకీ వానకీ మెత్తబడి సుద్ద అవుతుంది. సుద్ద నీళ్ళని బాగా పట్టుకుంటుంది, కానీ వదలడం దగ్గర చాలా నెమ్మది. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి నీళ్ళు ఇట్టే కదులుతాయి. సుద్దలో అవి సూదిమొన కంటే సన్నం.

మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు మాకు ఏమంత దూరం కాదు. అయినా ఆ రోజుల్లో మా వీధికి పైపు రాలేదు. కొళాయి నీళ్ళు కావాలంటే మెయిన్ రోడ్డు దాకా బిందెలతో వెళ్ళి లైన్లో నిలబడాలి. అందుకే మాకు నుయ్యే దిక్కు. మేం ఆరుగురం. మూడు వాటాల్లో అద్దెకుండేవాళ్ళు పద్నాలుగు మంది. ఒకటి రైల్వే కలాసీ గారిది, ఒకటి మాస్టారిది, ఇంకొకటి ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్కది. ఇరవై మందికి ఒక్క నుయ్యి. వానాకాలంలోనూ కార్తీకంలోనూ ఎవరికీ లెక్క అక్కర్లేదు. వంగి చూస్తే మొహం కనిపించేంత పైకి ఉండేవి నీళ్ళు. శివరాత్రి దాటాక ఒక్కో వారం ఒక్కో వరస రాయి బయటపడేది. ఉగాదికి అమ్మ పెద్ద చేద అటకెక్కించి చిన్న చేద దించేది. నీళ్ళు తక్కువున్నప్పుడు పెద్ద చేద వేస్తే అడుగున ఉన్న సుద్ద లేచి నీళ్ళు పాలలా అయిపోతాయి. మళ్ళీ తేటబడేదాకా అందరూ ఆగాల్సిందే.

అప్పటి నుంచి వంతులు. పొద్దున్న అయిదింటికి నూతిలో దరిదాపు యాభై బిందెలుంటే ఒక్కో వాటాకి పన్నెండు, మాకు పద్నాలుగు. ఇంటివాళ్ళం కదా అని అమ్మ ఎక్కువ తీసుకోలేదు. ఆ రెండూ నూతి పక్కన గాబులో పోయడానికి, ఎవరికైనా అవసరం పడితే వాడుకోడానికి. ఎవరి వంతు అయితే వాళ్ళు చప్టా పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవారు. నర్సక్క నైట్ డ్యూటీ చేసి ఎనిమిదింటికి వచ్చేది, ఆమె వంతు ఆఖరున. ఆమె రాకముందు ఎవరూ ఆ పన్నెండు బిందెల జోలికి వెళ్ళేవారు కాదు. ఒకసారి మాస్టారి గారింటికి చుట్టాలొచ్చి, వంతు సంగతి తెలియక ఏడింటికల్లా తోడేశారు. మాస్టారి భార్య మొహం చిన్నబుచ్చుకుని అమ్మ దగ్గరికి వచ్చింది. "పిన్నిగారూ, ఇప్పుడామెకి ఏం చెప్పను?" అంది. అమ్మ ఏమీ అనలేదు. గాబు మీద మూత తీసి, అందులోంచి పన్నెండు బిందెలూ తనే ముంచి నర్సక్క గుమ్మం ముందు పెట్టించింది. ఆ రోజు మేం ఆరుగురం స్నానాలు చెయ్యలేదు. తడిబట్టతో ఒళ్ళు తుడుచుకుని బడికి వెళ్ళాం.

తలంట్లకి అమ్మ రోజులు కేటాయించింది. శుక్రవారం మాస్టారి వాళ్ళు, శనివారం మేము, ఆదివారం కలాసీ గారి పిల్లలు, నర్సక్కకి సెలవు ఏ రోజయితే ఆ రోజు. కుంకుడుకాయ నురగ పోయేదాకా తల కడగాలంటే ఒక్కో ఆడపిల్లకి రెండు బిందెలు. అందరూ ఒకే రోజు పోసుకుంటే ఆ సాయంత్రం వంటకి నీళ్ళుండవు. గిన్నెలు బూడిదా చింతపండూ పెట్టి తోమి మూడు తొట్లలో వరసగా ముంచేవాళ్ళం. మొదటి తొట్టి నీళ్ళు మురికిగా అయితే పారబోసి, రెండోది మొదటి దాని చోటుకి, మూడోది రెండో దాని చోటుకి. కొత్త నీళ్ళు ఎప్పుడూ మూడో తొట్టికే. స్నానాల గదిలోంచి కాలవ తీసి అరటిచెట్లకి పెట్టారు నాన్న. బియ్యం కడిగిన నీళ్ళు పక్క వీధిలో గేదెలున్న వాళ్ళు పట్టుకెళ్ళి కుడితిలో పోసేవారు. దుప్పట్లు, మందపు బట్టలు మాత్రం మూటకట్టి చాకలికే వేసేవాళ్ళం.

ఇందాక 1983 అన్నాను కదా. ఆ ఏడు మేలో నాన్నకి ఒక ఆలోచన వచ్చింది. పురికొసకి ఒక గుండ్రాయి కట్టి, అడుగుకో ఎర్రగుడ్డ పీలిక ముడేశారు, అరడుగుకి తెల్లది. రాత్రి పదింటికి ఆఖరి బిందె తోడాక ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, ఆ తరవాత గంటకోసారి ఆ కొస నూతిలోకి వదిలి, ఎక్కడిదాకా తడిసిందో చూసి క్యాలెండర్ వెనక రాసుకున్నారు. టార్చిలైటు పట్టుకోవడం నా పని. పొద్దుటికి ఆయనకి తెలిసిందేమిటంటే, మూరెడు దాకా తోడేశాక మొదటి అరడుగు రావడానికి రెండు గంటలు పట్టింది. రెండో అరడుగుకి రెండున్నర గంటలు దాటింది. మూడో అరడుగు మూడున్నర గంటలకి గానీ రాలేదు. నుయ్యి నిండేకొద్దీ ఊట మందగిస్తోంది.

"చుట్టూ భూమిలో ఉన్న నీటిమట్టానికీ నూతిలో ఉన్న మట్టానికీ ఎంత తేడా ఉంటే అంత జోరుగా వస్తాయి. తేడా తగ్గితే జోరు తగ్గిపోతుంది. అంటే తెల్లవారుజామున నుయ్యి ఊరకే కూర్చుంటోంది" అన్నారు నాన్న అమ్మతో. "మధ్యలో ఒకసారి కాసిని తోడేస్తే మళ్ళీ జోరందుకుంటుంది."

అలా మొదలైంది ఒంటిగంట తోడు. అలారం పెట్టుకుని లేచి, లుంగీ ఎగ్గట్టి, పన్నెండు బిందెలు తోడి గాబులో పోసి పడుకునేవారు. పొద్దున్న పోర్టులో డ్యూటీ. మొదటి రెండు రాత్రులూ లెక్క చూస్తే మొత్తం మీద నాలుగు బిందెలు ఎక్కువొచ్చాయి. నాలుగే. అమ్మకి చాలా కోపం వచ్చింది. "నాలుగు బిందెల కోసం నిద్ర పాడు చేసుకుంటారా? ఒంట్లో బాగుండద్దూ?" అంది. నాన్న నవ్వి, "నాలుగు బిందెలంటే అరవై లీటర్లు. మన ఆరుగురికీ తాగడానికీ వంటకీ సరిపోతాయి కదే" అన్నారు. అమ్మ దగ్గర దానికి జవాబు లేదు. రెండు రోజులయ్యాక తను కూడా లేవడం మొదలుపెట్టింది. ఆయన చేంతాడు లాగితే ఈవిడ బిందె పట్టుకునేది.

మేం డాబా మీద పడుకునేవాళ్ళం. గిలక కిర్రుమనే చప్పుడుకి సగం మెలకువ వచ్చేది. కిందికి దిగేటప్పుడు గలగలా, పైకి వచ్చేటప్పుడు ఆగి ఆగి. నాన్న గిలకకి ఆముదం పూసి చూశారు, మా నిద్ర పాడవుతుందని. కానీ ఆ చప్పుడు పోలేదు. నాకు ఆ చప్పుడు వినబడితేనే మళ్ళీ గాఢంగా నిద్రపట్టేది. పెళ్ళయి వెళ్ళిన కొత్తలో మా అత్తగారింట్లో ఒంటిగంటకి మెలకువ వచ్చి, ఏదో వినబడటం లేదని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆషాఢం వస్తే మామ్మ హడావిడి వేరు. సింహాద్రప్పన్న గిరిప్రదక్షిణ ఆషాఢ చతుర్దశి నాడు మొదలవుతుంది. ముప్పై రెండు కిలోమీటర్లు కొండ చుట్టూ కాలినడక. కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడివివరం, హనుమంతువాక, సీతమ్మధార, మాధవధార మీదుగా వచ్చి మా గోపాలపట్నం చేరేసరికి చాలా దూరం నడిచేసి ఉంటారు. చాలామంది మా దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. పాదాలు బొబ్బలెక్కి, గుమ్మాల మీద కూలబడేవారు. వాళ్ళకి నీళ్ళు పొయ్యడం మామ్మ మొక్కు. తాతయ్య పోయిన ఏడాది మొక్కుకుందట.

ఇబ్బందల్లా ఏమిటంటే ఆషాఢానికి మా నుయ్యి ఇంకా లేవదు. తొలకరి పడి నెలయినా, ఆ నీళ్ళు ఎర్రమట్టీ మొరం దాటి సుద్దలోకి దిగి నూతికి చేరడానికి చాలా రోజులు పట్టేది. శ్రావణం వస్తే గానీ మట్టం పెరిగేది కాదు. అందుకని మామ్మ ఆరు రోజుల ముందు నుంచి మొదలుపెట్టేది. ప్రతి వాటావాళ్ళూ రోజుకి ఒక బిందె తమ వంతులోంచి అప్పన్న పేరు మీద వదిలేవారు. ఆమె ఎవరినీ అడిగేది కాదు. కలాసీ గారి భార్య తనే ముందు తెచ్చి పెట్టేది, "మామ్మగారూ, మాది" అని. అయిదారు పెద్ద కుండలు వసారాలో ఇసుక మీద వరసగా పెట్టి, పల్చటి బట్టలు కట్టి, నింపేవాళ్ళం. ఒక కుండలో మజ్జిగ, ఒక దానిలో బెల్లం, మిరియాలు, ఏలక్కాయ వేసిన పానకం. మిగతావన్నీ నీళ్ళు.

ఒక ఏడాది మరీ ఎక్కువమంది వచ్చారు. రాత్రి రెండింటికి కుండలు అడుగంటాయి. వీధరుగు మీద ఇంకా జనం ఉన్నారు. కాళ్ళు తిమ్మిరెక్కిన ముసలావిడ ఒకామె నీళ్ళు అడిగింది. నాన్న గుడ్డపీలికల కొస వదిలి చూశారు. మూరెడు మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి. మామ్మ వైపు చూశారు. ఆవిడ ఒకటే అంది, "ఆయన కొండ చుట్టూ తిరిగొచ్చిన వాళ్ళురా. ఆ కొండలోంచే కదా మన నీళ్ళు వచ్చింది." నాన్న తోడారు. ఆ నాలుగు వేళ్ళ నీళ్ళూ తెల్లవారేదాకా చెంబు చెంబుగా వచ్చాయి. ఒక చేద తోడి, పావుగంట ఆగి, ఇంకో చేద. ఎవరూ తొందరపడలేదు. ముసలావిడ వెళ్తూ నూతి గట్టుకి పసుపు రాసి దణ్ణం పెట్టి వెళ్ళింది.

తప్పు చేసింది నేనే. 1989లో నాన్న అర హార్స్‌పవర్ మోటారు కొన్నారు. డాబా మీద అయిదువందల లీటర్ల సింటెక్స్ ట్యాంకు పెట్టించారు. మామ్మ అప్పటికి లేదు. అమ్మకి నడుంనొప్పి వచ్చి చేద లాగలేకపోతోంది, అందుకని. మోటారు ఎప్పుడు వేయాలో నాన్న తలుపు వెనక రాసిపెట్టారు. ఎండాకాలంలో ఎనిమిది నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు, మధ్యలో కనీసం నాలుగు గంటలు. ఒకేసారి నింపొద్దు, కొంచెం కొంచెం తీసుకుంటే పొంగడమూ ఉండదు, నుయ్యి అలిసిపోదు అనేవారు. జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న ఆ స్విచ్ వేసింది నేను. టీవీ ముందు కూర్చుని మర్చిపోయాను. ముప్పావు గంట. ట్యాంకు నిండి డాబా మీంచి నీళ్ళు కారిపోయి, ఆ తరవాత మోటారు గాలి పీల్చిన చప్పుడు వినబడి పరిగెత్తాను. అప్పటికే పైపులోంచి తెల్లటి బురద వస్తోంది. నేను ఆపిన కాసేపటికి నూతిలోంచి పెద్ద చప్పుడు వచ్చింది. బస్తా జారిపడినట్టు.

ఒక పక్కన సుద్ద గోడ విరిగి పడింది. పైన పది అడుగుల దాకా రాతికట్టు, కింద అంతా ఒట్టి సుద్ద. లోపల నీళ్ళున్నంతసేపు అవి గోడని ఆని పట్టుకుంటాయి. నీళ్ళని ఒక్కసారిగా లాగేస్తే, గోడ వెనక ఇమిడి ఉన్న నీళ్ళు లోపలికి తోస్తాయి. ఆనుకోవడానికి ఏమీ ఉండదు. మూరెడు నీళ్ళు నూతివి అని ఆ పెద్దాయన అన్నది ఇందుకే అని అప్పుడర్థమైంది నాకు.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నన్ను వదలదు. పది రోజులు ఇరవై మంది కొళాయికి నడిచారు. మాస్టారి కూతురు, నాకంటే చిన్నది, మెయిన్ రోడ్డు దాకా బిందెతో నడిచింది. రోజూ పొద్దున్నా సాయంత్రం ఆమె బిందె కూడా నేను పట్టుకుని వచ్చేదాన్ని.

పెందుర్తి పెద్దాయన బతికే ఉన్నాడు. కానీ నూతిలోకి దిగలేడు. కొడుకుని దింపి, తను గట్టు మీద కూర్చుని చెప్పాడు. దిగే ముందు ఒక దీపం వెలిగించి తాడుతో అడుగుదాకా దింపారు. అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. మూడు రోజులు పూడిక తీశారు. తట్టలు తట్టలుగా సుద్ద, దానిలో మా చిన్నప్పటి ఇత్తడి చెంబు, రెండు చేదలు, తమ్ముడి గోలీలు. ఆ తరవాత కన్నాలున్న సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించి, ఒరకీ గోడకీ మధ్య సందులో గుప్పెడేసి కంకర పోసుకుంటూ వచ్చారు. కంకరలోంచి నీళ్ళు వస్తాయి, సుద్ద రాదు. అడుగున బండ మీద పక్కకి గునపంతో తొలుస్తుంటే ఒకచోట రాయి పగులు తగిలింది. సన్నటి జల. చిటికెన వేలంత. పెద్దాయన వంగి ఆ చప్పుడు విని, "ఇన్నాళ్ళూ దీన్ని సుద్ద మూసేసింది" అన్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు గానీ, నా వైపు చూసి, "నూతులన్నాక ఒకసారి కూలతాయమ్మా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఒరల ఖర్చుకి అమ్మ రెండు గాజులు కుదువ పెట్టింది.

ఆ తరవాత మా వీధిలో ఒక్కొక్కరూ బోర్లు వేసుకున్నారు. మా ఊట ఇంకా సన్నగిల్లింది. అందరూ బోరు వేయించమన్నా నాన్నకి మనసొప్పలేదు. 2000లో నీరు-మీరు అని ఊరూరా ఇంకుడు గుంతలు తవ్విస్తున్నప్పుడు, రిటైరైన ఉత్సాహంతో నూతికి పది అడుగుల అవతల తనే ఒకటి తవ్వించారు. నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతు. కింద పెద్ద రాళ్ళు, పైన కంకర, దానిమీద ఇసుక. డాబా నీళ్ళన్నీ పైపులో దానిలోకి. నేరుగా నూతిలోకే వదలొచ్చు కదా అంటే, డాబా మీద మురికంతా తాగుతామా, మట్టి వడకట్టుకుని పంపిస్తుంది అన్నారు. మళ్ళీ సుద్దముక్క తీసుకుని లెక్క వేశారు. మా డాబా పన్నెండు వందల చదరపు అడుగులు. పది మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 1,100 లీటర్లు. నూతిలో రెండడుగుల నీళ్ళంత. అవన్నీ మన నూతికే రావు, నేలలో నాలుగు వైపులా పోతాయి, పోనీ, పక్కింటి వాళ్ళకీ వెళ్తాయి అన్నారు. మరుసటి మే నెలలో మట్టం అరడుగు ఎక్కువే ఉందని క్యాలెండర్ వెనక రాసుకున్నారు. ఆయన 2008లో పోయారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదుగానే తీరం దాటింది. ఆ ముందు శుక్రవారం నేను అమ్మ దగ్గరికి వెళ్ళాను, ఒక్కర్తే ఉందని. ఆ గాలి గురించి విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. సోమవారం పొద్దున్న తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు, కరెంటు స్తంభాలన్నీ ఒరిగిపోయి ఉన్నాయి. కరెంటు లేదు కాబట్టి బోర్లు లేవు, కొళాయి లేదు. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటు ట్యాంకు మధ్యాహ్నానికి ఖాళీ. అమ్మ వెనక దొడ్డిలోకి నడిచింది. ఇనప జల్లెడ మీద పడ్డ మామిడికొమ్మ నేనూ పక్కింటి కుర్రాడూ కలిసి తీశాం. నీళ్ళు ఎనిమిదడుగుల్లోనే ఉన్నాయి. ఇరవై నాలుగడుగుల నీళ్ళు. తొమ్మిది వందల బిందెలకి దగ్గర.

అటక మీంచి గిలక దించాం. చేంతాడు చివికిపోయింది, బట్టలారేసే నైలాను తాడు రెండు పేటలు వేసి కట్టాం. వీధి వీధంతా వచ్చింది. మొదటి రోజు వంతుల్లేవు. ఎవరికి ఎంత కావాలంటే అంత తోడుకున్నారు. సాయంత్రానికి ఏడడుగులు దిగిపోయింది. మంగళవారం పొద్దున్న అమ్మ కుర్చీ తెప్పించుకుని నూతి పక్కన కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళు. బొగ్గు ముక్క నా చేతికిచ్చి గోడ మీద గళ్ళు గీయమంది. ఇంటికి ఎనిమిది బిందెలు, పసిపిల్లలున్న ఇంటికి పది. గాబుని కడిగించి, ఎవరైనా రాలేకపోతే వాళ్ళ కోసమని నింపించింది. బాల్టీలు తెచ్చిన వాళ్ళకి ఒక బిందె ఎన్ని బాల్టీలో చూపించింది. అడుగున మూరెడు నీళ్ళ సంగతి కూడా చెప్పింది, నీళ్ళు ఇంకా పదిహేడడుగులున్నా సరే.

మా వీధికి కరెంటు వచ్చేసరికి వారం దాటింది. నాలుగో రాత్రి అనుకుంటాను, చీకట్లో దోమలకి నిద్ర పట్టక అమ్మా నేనూ డాబా మీద చాపేసుకుని పడుకున్నాం. దీపాలేవీ లేక సింహాచలం కొండ నల్లగా, దగ్గరగా కనిపిస్తోంది. ఎప్పుడో గిలక చప్పుడు. గలగలా కిందికి, ఆగి ఆగి పైకి. లేచి పిట్టగోడ మీంచి చూశాను. ఎదురు అపార్ట్‌మెంటు నుంచి కొత్తగా పెళ్ళయిన జంట, అతను లాగుతున్నాడు, ఆమె సెల్‌ఫోన్ లైటు పట్టుకుంది. వాళ్ళ వంతు పొద్దున్న.

"అమ్మా, ఎవరో తోడుతున్నారు, వద్దని చెప్పనా?" అన్నాను.

అమ్మ కళ్ళు తెరవలేదు. "టైమెంతయింది?" అంది.

చూసి చెప్పాను. ఒంటిగంటా పది.

"తోడనీ" అంది అమ్మ. "ఇప్పుడు తీస్తే పొద్దుటికి నాలుగు బిందెలు ఎక్కువొస్తాయి."